జమానతు సంతకం చేసేవారికీ లెక్క చెప్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆన్‌లైన్ మోసాల గురించి, రుణ యాప్‌ల వేధింపుల గురించి పత్రికల్లో దాదాపు రోజూ వార్తలు వస్తున్నాయి, అవి రావలసినవే. అయితే మా వరంగల్, హనుమకొండ ప్రాంతంలో నెల జీతం మీద బతికే ఎన్నో కుటుంబాలను చప్పుడు లేకుండా కుంగదీస్తున్న అప్పు ఒకటుంది. తాము రూపాయి కూడా వాడుకోకుండా, తెలిసినవారి కోసం సంతకం చేసినందుకు మెడకు చుట్టుకునే ఆ జమానతు అప్పు గురించి ఎవరూ పెద్దగా రాయడం లేదు. బ్యాంకు రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిగా నాకు తెలిసిన సంగతులు కొన్ని మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మా దగ్గర చిట్టీ లేని ఇల్లు తక్కువ. బిడ్డ పెళ్లికైనా, ప్లాటు కొనడానికైనా, కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకైనా ముందుగా గుర్తొచ్చేది చిట్టీయే. పాట పాడుకున్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. ప్రభుత్వోద్యోగుల జమానతు తెమ్మంటారు. అప్పుడు మొదలవుతుంది ఉపాధ్యాయుల కోసం, రెవెన్యూ, విద్యుత్ శాఖల్లో పనిచేసేవారి కోసం వెతుకులాట. అడగడానికి వచ్చేది తోటి ఉద్యోగో, బామ్మర్దో, వియ్యంకుడి తమ్ముడో కావడంతో కాదనడానికి నోరు రాదు. ఆఫీసులో కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తారు. పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టిన కాగితాల కట్ట ముందుకు జరుపుతారు. అందులో జీతం సర్టిఫికెట్ ఉంటుంది, రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు ఉంటుంది, ఒక్కోసారి అంకె వేయని చెక్కులూ ఉంటాయి. చాయ్ చల్లారేలోపు సంతకాలు పూర్తవుతాయి. ఆ కట్టలో ఒక్క కాగితం నకలైనా జమానతుదారు తన వెంట ఇంటికి తీసుకెళ్లడం నేను చాలా అరుదుగా చూశాను.

ఆ సంతకం విలువ ఎంతో చట్టం ఏనాడో తేల్చి చెప్పింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జమానతుదారు బాధ్యతా అంతే. ‘ముందు అతని ఆస్తి అమ్ముకోండి, సరిపోకపోతే నా దగ్గరికి రండి’ అని చెప్పే హక్కు మామూలుగా జమానతుదారుకు ఉండదు. అప్పు తీసుకున్నవాడు వ్యాపారి, జమానతుదారు నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగి అయితే, వసూలు చేసేవాడు ముందుగా ఎవరి తలుపు తడతాడో వేరే చెప్పనక్కరలేదు. కోర్టు డిక్రీ వస్తే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు వదిలి తక్కిన మూడో వంతును జప్తు చేయవచ్చు. ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలల దాకా ఇది సాగవచ్చు. చిట్టీ తగాదాలైతే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్ట్రార్ ముందుకు వెళతాయి. చెక్కు ఇచ్చి ఉంటే, అది చెల్లకపోయినప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు జమానతుదారు మీద కూడా నిలుస్తుందని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

బ్యాంకు రుణాలకు ఇచ్చే జమానతులో మరో చిక్కుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు మన రుణ చరిత్రను నమోదు చేసి 300 నుంచి 900 లోపు స్కోరు ఇస్తాయని చాలామందికి తెలుసు. ఆ నివేదికలో మనం తీసుకున్న రుణాలతో పాటు, మనం జమానతు ఉన్న రుణాలు కూడా ‘గ్యారంటర్’ అన్న మాటతో చేరతాయన్నది మాత్రం తెలియదు. నెలకొక గడి చొప్పున అందులో చెల్లింపుల పట్టిక ఉంటుంది. గడిలో 000 ఉంటే బకాయి లేదని, 030 ఉంటే ముప్పై రోజులు ఆలస్యమైందని, 090 దాటితే ఆ ఖాతా మొండిబకాయి దారిలో పడిందని అర్థం. సొంత ఇంటి రుణం కోసం ఎంతో ధీమాగా వచ్చిన ఉద్యోగి తాను జమానతు ఉన్న ఎవరిదో బండి రుణం కింద తన పేరు మీద ఆ అంకెలు చూసి, ‘ఈ బండి నాది కాదు సార్’ అనడం కౌంటర్ అవతల కూర్చుని విన్నవాణ్ణి. నిజమే, బండి అతనిది కాదు. సంతకం మాత్రం అతనిదే.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ నాలుగు సంస్థలూ ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఉన్న ఈ సౌకర్యాన్ని వాడుకునేవారు నాకు తెలిసినంతలో తక్కువే. స్కోరు చూసుకుంటే స్కోరు పడిపోతుందన్న అపోహ ఇంకా పోలేదు. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరుకు ఏమీ కాదు. జిరాక్స్ షాపుల్లో, సిమ్ కార్డుల దుకాణాల్లో వదిలేసిన ఆధార్, పాన్ నకళ్లతో మన పేరిట ఎవరైనా రుణం తీసుకున్నా బయటపడేది ఇక్కడే. తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది.

మహిళల గ్రూపు రుణాల్లో ఇదే వ్యవహారం మరో రూపంలో నడుస్తోంది. ఒక కుటుంబం కట్టవలసిన కిస్తీలన్నీ కలిపి దాని నెలసరి ఆదాయంలో సగానికి మించరాదని రిజర్వ్ బ్యాంకు 2022లో మైక్రోఫైనాన్స్ రుణాలకు హద్దు పెట్టింది. మంచి నిబంధనే. కానీ హద్దు దాటినవారు అంతటితో అప్పు మానుకోవడం లేదు. పక్కింటి అక్క పేరుతోనో, చెల్లె పేరుతోనో రుణం ఎత్తించి, డబ్బు తాము వాడుకుని, ‘కిస్తీ నేనే కడతా’ అని మాట ఇస్తున్నారు. ఒక్క కిస్తీ తప్పితే వాడంతా పంచాయితీ. డబ్బు వాడుకున్నామె పేరు కాగితాల్లో ఎక్కడా ఉండదు కాబట్టి, పేరు ఇచ్చినామె ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు.

బ్యాంకు ఖాతాను ‘కొన్నాళ్లు వాడుకుని ఇస్తాం, కమీషన్ ఇస్తాం’ అని అడిగేవారికి అప్పగించే కుర్రాళ్ల సంగతి దీనికి దగ్గరిదే, ఇంకా ప్రమాదకరమైనది. మోసగాళ్లు కొల్లగొట్టిన సొమ్ము ఆ ఖాతా గుండా పోతే, ఖాతా స్తంభించడమే కాదు, పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేదీ ఖాతాదారు ఇంటికే. ఇక పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌ను (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్) నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారు, ఇంట్లో తిడతారన్న భయంతో రెండు రోజులు ఆగకుండా వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాలోకి, అక్కడి నుంచి మరో ఖాతాలోకి మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది.

జమానతు వ్యవస్థనే ఎత్తేయమని నేను అనడం లేదు. ఆస్తి కాగితాలు లేనివారికి ఇంకొకరి నమ్మకమే పూచీ. అది లేకపోతే మళ్లీ నూటికి ఐదు రూపాయల మిత్తికి పోవలసి వస్తుంది. నా విజ్ఞప్తి చిన్నది. వడ్డీ, ఖర్చులు, కిస్తీలు అన్నీ కలిపి చూపే ముఖ్య వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2024లో ఆదేశించింది. దాని ప్రతిని తెలుగులో జమానతుదారు చేతికి కూడా ఇచ్చి, అతని బాధ్యత ఎంత మొత్తానికో, ఎన్నేళ్లకో చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకునే పద్ధతిని బ్యాంకులు, చిట్‌ఫండ్ సంస్థలు పెట్టుకోవాలి. అసలు బాకీదారు ఒక్క వాయిదా తప్పినా జమానతుదారు ఫోన్‌కు సందేశం పోవాలి. పుట్టినరోజు శుభాకాంక్షలు, కొత్త కార్డుల ప్రకటనలు తప్పకుండా పంపే సంస్థలకు ఇది పెద్ద పని కాదు. మొదటి నెలలోనే తెలిస్తే మనిషిని పట్టుకుని అడగవచ్చు. నోటీసు వచ్చేనాటికి ఆ మనిషి ఊళ్లోనే ఉండకపోవచ్చు.

ఇప్పటికే సంతకం చేసినవారు రుణం ఇచ్చిన సంస్థకు లిఖితపూర్వకంగా రాసి, బాకీ ఎంత మిగిలిందో రాతలో తెప్పించుకోవాలి. జమానతుదారుగా డబ్బు కట్టవలసి వస్తే ప్రతి రసీదూ తన పేరు మీదే తీసుకోవాలి. కట్టిన సొమ్మును అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కును ఒప్పందాల చట్టం 145వ సెక్షన్ ఇస్తోంది, ఆ హక్కుకు ఆధారం ఆ రసీదులే. కొంత తగ్గించి ముగిద్దామని సంస్థ ముందుకొస్తే, నివేదికలో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుందని, తర్వాత రుణం ఇచ్చేవారు దాన్ని మచ్చగానే చూస్తారని తెలుసుకుని నిర్ణయించుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు ఖర్చేమీ లేదు, వివరాలు 14448 నంబరులో చెబుతారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ