వెళ్లేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7

అమ్మలూ,

టికెట్లు చూశాను. లండన్ నుంచి న్యూయార్క్ 5,550 కిలోమీటర్లే కదా, విమానం గంటకు 900 పోతుంది కదా, మరి వెళ్లడానికి 9 గంటలు, రావడానికి 7 ఎందుకని అడిగావు. ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే వేరే కబుర్లలోకి వెళ్లిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ 9 సంగతి. అది నిజానికి 8. ఉదయం 11కి ఎక్కి మధ్యాహ్నం 3కి దిగుతావు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. మధ్యలో కనిపించే 4 గంటలకు నువ్వు 5 గంటల తేడా కలిపావు. మామూలు రోజుల్లో అదే సరైన లెక్క. కానీ అమెరికాలో మార్చి నెల రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో ఆ నెల చివరి ఆదివారం. నువ్వు వెళ్లేది మూడో వారంలో, అప్పటికి తేడా 4 గంటలే. ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి మళ్లీ 5 అయిపోతుంది. రాత్రి 9కి బయల్దేరి మర్నాడు ఉదయం 9కి దిగితే 12 గంటలు, అందులో 5 తీసేస్తే 7.

మిగిలిన ఆ గంట తేడా గాలి వల్ల. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి జోరుగా వీస్తుంటుంది, చలికాలంలో మరీను. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి కూడా దానితోపాటే పరుగెత్తుతోంది.

పోనీ పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు రాబట్టుకోవచ్చు కదా అంటావేమో. కుదరదు. గాలి గంటకు 150 ఉందనుకో. వెళ్లేటప్పుడు నీ వేగం 750, వచ్చేటప్పుడు 1,050. రానూపోనూ కలిపి చూడు, గాలి లేని రోజుకన్నా 20 నిమిషాలు ఎక్కువే పడుతుంది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటావు, వెనకగాలిలో తక్కువసేపు. నాకు ఈ లెక్కంటే భలే ఇష్టం.

టికెట్‌లో రాసే టైము గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, క్యూలో ఆగడం అన్నీ అందులోనే.

ఇంకో మాట, 5,550 అనేది భూమి గుండ్రం మీద కొలిచిన అతి దగ్గరి దారి. విమానం ఎప్పుడూ అదే దారిలో పోతుందని లేదు. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా దాదాపు 13 అయింది. ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి!

వెళ్లేటప్పుడు దిగిన అరగంటకే రైలు బుక్ చేయకు, ఇమిగ్రేషన్ క్యూ ఎంతుంటుందో చెప్పలేం. తిరిగొచ్చిన రోజు ఉదయం 11కి మీటింగ్ అన్నావు. అప్పటికి న్యూయార్క్‌లో ఉదయం 6. విమానంలో భోజనం, దిగే హడావిడి పోను నాలుగు గంటలు నిద్రపోతే గొప్ప. దాన్ని మర్నాటికి మార్చుకో.

నాన్న