మంత్రి గారూ, పేగు కూడా ఫెయిలవుతుంది

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పేగుకు రక్తం అందించే నాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడి మా ఆయనకు ఆపరేషన్ అయింది. పాడైన భాగం తీసేశాక మిగిలిన చిన్నపేగు 90 సెంటీమీటర్లు. మామూలుగా అది మీటర్ల పొడవుంటుంది. 200 సెంటీమీటర్ల కంటే తగ్గితే తిన్నది ఒంటికి పట్టడం కష్టం. కిడ్నీ ఫెయిలంటే అందరికీ డయాలసిస్ గుర్తొస్తుంది. పేగు ఫెయిలైందంటే మాత్రం "ఏం తిన్నాడమ్మా?" అని అడుగుతారు.

ఆయనకు రోజూ రాత్రి 12 గంటల పాటు ఛాతీలోని సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన సన్నటి గొట్టం) ద్వారా పోషకాల సంచి ఎక్కాలి. గ్లూకోజ్, అమైనో ఆసిడ్లు, కొవ్వు, లవణాలు, విటమిన్లు అన్నీ అందులోనే. పొద్దున తీసేస్తే తన పనులు తనే చేసుకుంటారు. దీనికోసం ఆస్పత్రి మంచం అక్కర్లేదు. ఇంట్లో ఎక్కించడం నాకు ఒక నర్సమ్మ నేర్పింది, అదీ తన డ్యూటీ అయిపోయాక. చేతులు కడుక్కోవాలి, లైన్ మూతిని ఆల్కహాల్‌తో రుద్దాలి, ఆరేదాకా ఆగాలి. "ఊదొద్దమ్మా" అని మూడుసార్లు చెప్పింది. తడిగా ఉన్నదాన్ని ఊదకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఒకరోజు సంచి పెట్టిన అరగంటకే ఆయన గజగజ వణికిపోయారు. ఎమర్జెన్సీకి వెళ్తే జ్వరం మాత్ర ఇచ్చి కూర్చోమన్నారు. సెంట్రల్ లైన్ ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే ముందుగా రక్తంలో ఇన్‌ఫెక్షన్‌ని అనుమానించాలి. లైన్ నుంచి, చేతి నుంచి రక్తం తీసి కల్చర్‌కి, అంటే క్రిములున్నాయేమో చూసే పరీక్షకి, పంపి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఆ మాట వాళ్లకు నేను చెప్పాల్సి వచ్చింది. వినడానికి మూడు గంటలు పట్టింది.

ఇంకో వార్డులో ప్రేమగానే "నీళ్లు బాగా తాగించండి" అన్నారు. పేగు ఇంత పొట్టిదై, ఆయనలా స్టోమా (పేగు చివరను పొట్ట మీదకి తెచ్చి పెట్టిన దారి) ఉన్నవాళ్లకు ఉత్త నీళ్లు పోస్తే ఒంట్లోని ఉప్పును కూడా లాక్కుని బయటికి పోతాయి. తాగేకొద్దీ స్టోమా సంచి నిండేది, ఆయన నాలుక ఎండిపోయేది. కావాల్సింది ఉప్పు, గ్లూకోజ్ తగుపాళ్లలో కలిపిన నీళ్లు, కొంచెం కొంచెంగా.

అడిగేది పెద్దదేం కాదండీ. ఇంట్లో ఎక్కించడం నేర్పే పనిని నర్సుల డ్యూటీలోనే చేర్చండి. సంచులు ఇంటికి చేరే ఏర్పాటు చేయండి. ఎక్కువకాలం ఇలా ఎక్కిస్తే లివర్ దెబ్బతినొచ్చు కాబట్టి, రక్తపరీక్షలు చూసే డాక్టరు ఒకరు ఉండాలి. చలిజ్వరం వస్తే ఏం చేయాలో ఒక కాగితం ప్రతి ఎమర్జెన్సీ గోడకీ అంటించండి.

మా ఫ్రిజ్‌లో ఈ రాత్రికీ రేపటికీ సంచులున్నాయి. ఎల్లుండిది ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక రోగి భార్య