గ్రూప్స్ చదువుతున్న బిడ్డకు, ఉట్నూరు బూడిద దిబ్బ గురించి

బిడ్డా,

నువ్వు ఫోన్‌లో పంపిన నోట్సు మొత్తం చదివాను. మెసొపొటేమియా, ఈజిప్టు, సింధు, చైనా: నాలుగు చోట్ల నదులు, నాలుగు చోట్ల నాగరికతలు. పరీక్షకు అదే రాయి. కానీ చివర్లో "ఆ కాలంలో దక్షిణాదిలో చెప్పుకోదగ్గ సమాజం లేదు" అని రాసుకున్నావు చూడు, అది కొట్టెయ్యి.

ఉట్నూరు అనగానే నీకు ఆదిలాబాద్ గుర్తొస్తుంది. నేను చెప్పేది మన మక్తల్ వైపు ఉట్నూరు. అక్కడొక బూడిద దిబ్బ ఉంది. కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల ఇలాంటివి వందకు పైగా కనిపెట్టారు. అనంతపురం జిల్లా పాలవాయిలో ఉంది, బళ్ళారి, రాయచూరు వైపు ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల ఆ బూడిద కరిగి, కమ్మరి కొలిమిలో చిట్టెంలా గట్టిపడిపోయింది. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితి బూడిద అంటారు. 1843లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వీటి మీద రాసిన తర్వాత కూడా, ఇవేమిటన్న వాదం వందేళ్లకు పైగా నడిచింది. పశువుల పెండ కాలిన బూడిదే అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ముందే చెప్పాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వాక ఆ మాట గట్టిపడింది.

ఆయనకు అక్కడ దొరికింది ఒక పెద్ద దొడ్డి. చుట్టూ గుంజలు పాతిన గుంటలు వరుసగా ఉన్నాయి. లోపల పశువుల డెక్కల ముద్రలు అట్లాగే నిలిచి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లు దాటిన ముద్రలు! దొడ్డిలో పెండ పేరుకోవడం, దానికి నిప్పు పెట్టడం, మళ్లీ కంచె కట్టి పశువులను తోలడం, మళ్లీ కాల్చడం, ఇట్లా పొర మీద పొర. మొహెంజొదారోలో ఇటుకల ఇళ్లు లేచిన రోజులకు ఇది దూరం కాదు.

నన్ను పట్టి కుదిపిన సంగతి ఇదే. అమ్మమ్మ వాళ్ల కొట్టంలో పెరిగినదాన్ని, పెండ విలువ నాకు తెలుసు. పిడకలకు కొంత పోతే మిగిలిందంతా చేనుకే. తట్టెడు పెండ కూడా ఊరికే పారేసేవాళ్లం కాదు. అట్లాంటిది తరాల తరబడి పోగైనదాన్ని కావాలని తగలబెట్టారంటే అందుకు బలమైన కారణం ఉండాలి. మందలను మేతకు అడవికి తోలేటప్పుడో, తిరిగొచ్చినప్పుడో జరుపుకున్న పండుగ మంటలని ఆల్చిన్ అనుకున్నాడు. హోలీ, దీపావళి, సంక్రాంతి మంటలను కూడా ఆయన ఆ సందర్భంలో తలుచుకున్నాడు. తర్వాత కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఇంకో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య తవ్వితే దిబ్బ పక్కనే ఇళ్లు, పశువులను కోసి మాంసం పంచుకున్న నేల బయటపడ్డాయి. అంటే అది జనం కూడి విందు చేసుకున్న చోటు. చదును నేల మీద దూరం నుంచే కనబడేంత ఎత్తు దిబ్బ లేపినవాళ్లు ఒక్క ఇంటివాళ్లు కాదు. దాని వెనుక పెద్దల మాట, పొత్తు, తిథి, కట్టుబాటు ఉండి తీరాలని నేను నమ్ముతున్నాను. వీటన్నిటినీ సమాజం అనక ఇంకేమంటాం?

వాళ్లు ఊరికే పశువుల వెంట తిరిగినవాళ్లూ కాదు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించారు. గోధుమ, బార్లీ వాయవ్యం నుంచి వచ్చింది ఆ తర్వాతే. మనింట్లో ఉలవ గుగ్గిళ్లు చేసుకున్నామంటే అది ఆ మెట్ట పొలాల నుంచి వస్తున్న తిండే. పసిబిడ్డలు చనిపోతే కుండల్లో పెట్టి ఇళ్ల మధ్యనే పూడ్చుకున్నారు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు ఇంకో పని తోచలేదు.

ఇప్పుడు మెసొపొటేమియాలోని ఉరుక్ నగరం సంగతి చూడు. క్రీ.పూ. 3200 ప్రాంతంలో అక్కడ మట్టి పలకల మీద మొదట రాసినవి ఎక్కువగా లెక్కలే: బార్లీ ఎంత, గొర్రెలెన్ని, ఎవరికెంత కొలిచి ఇచ్చారు అని. మిగులు పెద్ద సంస్థల కొట్లలోకి పోయింది, దాన్ని కాపలా కాయడానికి రాత పుట్టింది. అది చిన్న విషయమని నేననను. ఆ రాత లేకపోతే నువ్వు చదివే చరిత్రే లేదు. కానీ పశువులే సంపదగా బతికిన మన దక్కను మనుషులు, ఆ సంపదలో ఒక భాగాన్ని అందరి కళ్లెదుట నిప్పుకిచ్చారు. అక్కడ రాజభవనం ఆనవాలు దొరకలేదు. పెద్ద దొడ్డి దొరికింది. రాత, కోట లేనివాళ్లను లెక్కలోకే తీసుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంకో బాధ ఉంది. ఈ దిబ్బల బూడిదను ఎరువుకని, రోడ్లకని చాలాచోట్ల తవ్వి తీసుకుపోయారు. దసరాకు వచ్చినప్పుడు ఉట్నూరు పోదాం. మీ నాయిన బండి ఇస్తానన్నాడు. నీతోపాటు చదివే పిల్లలు వస్తామంటే వాళ్లనూ తీసుకురా, వంట నేను చేస్తాను. ఎండలో తిరగాలి కాబట్టి గట్టి చెప్పులు తెచ్చుకోమను. ఆ వాక్యం కొట్టేసి, ఆ పేజీ ఫోటో మళ్లీ పంపు.

మీ అమ్మ