మన గిర్ని ఎందుకు బందైందంటే...

పోయిన వారం సంచులు నెత్తిన పెట్టుకొని వచ్చి, షట్టర్ సగం దించి ఉండటం చూసి వెనక్కి పోయినోళ్లు పది పన్నెండు మంది ఉన్నరు. మోటారు కాలిందని మా పిల్లగాడు చెప్పిండు గదా, అది నిజం కాదు. నేనే అట్ల చెప్పమన్న. మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొఖం చెల్లలేదు.

మా గల్లీ పట్టణ మాస్టర్ ప్లాన్‌ల నివాస ప్రాంతం కింద ఉన్నది. ఇంటి ముందరి గదిల గిర్ని నడుస్తున్నదని, మిరప ఘాటుకు, చప్పుడుకు చుట్టుపక్కలోళ్లు ఉండలేకపోతున్నరని ఫిర్యాదు. నాయన గిర్ని పెట్టిననాడు ఇక్కడ కంది చేన్లే ఉండె. ఇండ్లు తర్వాత వచ్చినయి. ఆ మాటే మున్సిపాలిటీ సారుతోటి అందామనుకొని కాయిదాలు బయటికి తీస్తే, నా నోరే మూతబడ్డది. ట్రేడ్ లైసెన్స్ ఇంకా నాయన పేరు మీదనే ఉన్నది. ఆయన పోయినంక రెన్యువల్ కూడా చేయించలేదు. ముందరి గది వ్యాపారానికి వాడుతున్నా ఇంటిపన్ను మాత్రం మొత్తం నివాసం కిందనే కడుతున్నం. గోడకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్, 14 అంకెల నంబరు తోటి, ఫ్రేము కట్టించి పెట్టిన. అదొక్కటుంటే అన్నీ ఉన్నట్టే అనుకున్న. అది 2006 చట్టం కింద తిండి శుభ్రత సంగతి. ఏ గల్లీల ఏ పని చేసుకోవచ్చన్నది మున్సిపాలిటీ లెక్క, అది వేరే. ఇన్నేండ్లు నడిపి ఈ తేడా ఇప్పుడు తెలుసుకున్న.

చప్పుడుకు కూడా లెక్కున్నది. 2000 సంవత్సరం నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంల పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45. పారిశ్రామిక ప్రాంతంల పగలు 75 దాకా. పొద్దున ఆరు కొట్టేదాకా రాత్రి కిందనే లెక్క. మనమేమో రొట్టెల పిండి కోసమని ఐదింటికే మోటారు ఎక్కిస్తుంటిమి.

ఫిర్యాదు పెట్టిందెవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ఆ ఇంట్ల పసిపాప ఉన్నది, దగ్గుతున్నదట. వాకిట్ల నిలబడి "అన్నా, పాపకు కష్టమైతున్నది" అని ఒక్క మాట అంటే ఆ పూటే మిరప మిషన్ బంద్ పెట్టేటోన్ని. వాళ్ల జొన్నలు కూడా ఇన్నేండ్లు నా చేతుల మీదనే పట్టిన. బాధ అక్కడ తగిలింది. పాప దగ్గు నిజమే కాబట్టి కోపం మాత్రం పెట్టుకోలేదు.

ఇగ మిరప, పసుపు మిషన్లు రెండూ ఊరి బయట రైస్ మిల్లుల వరుసల కిరాయి షెడ్డుకు పోయినయి. అక్కడికి లైసెన్స్ నా పేరు మీదనే తీసుకున్న. కష్టమైంది వేరే దగ్గర. షెడ్డు మూడు కిలోమీటర్ల దూరం. "సంచులు ఇంటికాడనే తీసుకో, పేర్లు రాసి ఆటోల పంపు, సాయంత్రానికి పొడి తెచ్చియ్యి" అని మా ఇంటామె నుంచి ఆటో తమ్ముడి దాకా అందరూ చెప్పిండ్రు. మూడు రాత్రులు నిద్ర లేదు. లెక్క ప్రకారం అదే లాభం. కానీ మీరు తేజ రకం మిరపకాయల ఘాటు, చపాట రకం కాయల ఎరుపు చూసి, ఇంత ఇదీ ఇంత అదీ అని కలిపి, తొడిమెలు తీసి, నాలుగు ఎండలు పెట్టి తెస్తరు. ముందు పట్టినోళ్ల కారం గుప్పెడు తీసేసినంకనే మీది పోయమంటరు. పొడి చేతుల పట్టుకొని వాసన చూస్తరు. అది మీ కండ్ల ముందట జరగాలె. నేను లేని గంటల ఎవరి కాయ ఎవరి సంచిల పడ్డదో మీకు నేను ప్రమాణం చేయలేను. అందుకే సంచి ఒక్కటే తీసుకోను, సంచితో పాటు మనిషి రావాలె. నడవలేని పెద్దమ్మలను బుధవారం, ఆదివారం తొమ్మిదింటికి ఇంటికాడి నుంచి ఆటోల తీసుకపోయి మళ్ల దింపుత, ఆటో కిరాయి నాది. రెడీమేడ్ కారం తెచ్చి అమ్ముకొమ్మని సలహా ఇచ్చినోళ్లు కూడా ఉన్నరు. ఆ మాట ఇంకోసారి నా దగ్గర ఎత్తొద్దు.

జొన్న, బియ్యం పట్టే చిన్న మిషన్ ఇంటికాడనే ఉంచుకుంటనని దరఖాస్తు పెట్టిన. సారు వచ్చి చూసి పోయిండు. "నడుపుకో, ఎవరడుగుతరు" అంటున్నరు కొందరు. కాయిదం చేతికొచ్చే దాకా స్విచ్ ముట్టను. వస్తే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకనే. రాకపోతే అది కూడా షెడ్డుకే పోతది. అప్పటిదాకా పిండి కోసం మిమ్మల్ని వేరే గిర్నికి పొమ్మనాల్సి వస్తున్నది. ఈ మాట రాయబుద్ధి కాలేదు, అయినా రాస్తున్న.

పట్టుడు కూలి పెంచలేదు. మామిడికాయ తొక్కుల పని అయ్యేదాకా పెంచను. ఆనాడు షట్టర్ చూసి వెనక్కి పోయినోళ్లు షెడ్డుకు రండ్రి. మీ మొదటి పట్టుడుకు పైసలు తీసుకోను.