లేక్ ఫోర్క్ చేపల టోర్నమెంట్: శనివారంలోపు చూసుకోవాల్సినవి

డాలస్ మిత్రులందరికీ నమస్తే. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సులో నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి కాబట్టి బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు పూర్తిగా రాలేదు, 50లలో ఉన్న నీటి వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దగ్గరవుతున్న కొద్దీ లోతు నుంచి వాగులు సరస్సులో కలిసే చోట్ల మీదుగా కదులుతాయి, మనం ఆ దారిలోనే కాపు కాయాలి. పొద్దున్నే ఒడ్డు వెంట తిరిగి టైమ్ వేస్ట్ చేయకండి. ఉత్తరపు గాలి తగలని, ఎండ పడే మూలలు ముందు వేడెక్కుతాయి, మధ్యాహ్నం అక్కడికి వెళ్దాం. గడ్డి ఉన్నచోట ఎర్ర రంగు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (చిన్న చేపలా ఉండే గట్టి ఎర), మొద్దుల దగ్గర జిగ్ (బరువైన తల ఉన్న కొక్కెం ఎర), అదీ నిదానంగా లాగాలి.

కొలబద్ద మరిచిపోవద్దు! 16 నుంచి 24 అంగుళాల మధ్య లార్జ్‌మౌత్ బాస్‌ను వెంటనే వదిలేయాలి, ఇది లేక్ ఫోర్క్‌కు టెక్సస్ పెట్టిన ప్రత్యేక రూలు, దీంట్లో నాకు మొహమాటం లేదు. చేతులు తడిపాకే చేపను పట్టుకోండి, కడుపునిండా గుడ్లతో ఉంటాయి పాపం.

నీళ్లలో మునిగిన చెట్లు చాలా ఉన్నాయి, బోటు నెమ్మదిగా నడపండి, కిల్ స్విచ్ (నడిపేవారు పడిపోతే ఇంజన్‌ను ఆపేది) తాడు ఒంటికి తగిలించుకోండి, లైఫ్ జాకెట్ తీయకండి. లైసెన్సులు ఈ రాత్రే చూసుకుని ఇక్కడ చెప్పండి.