చిట్టా వెనక పేజీ

అందరికీ నమస్కారం. రోజూ తప్పుల నుంచి నేర్చుకున్న పాఠాలు ఎలా రాసుకుంటావని మొన్న అడిగారు కదా, చెబుతున్నా. గుంటూరు మిర్చి యార్డులో నాది గుమాస్తా పని. రాత్రి షాపు కట్టేశాక చిట్టా వెనక పేజీలో తేదీ వేసి రెండే లైన్లు: ఏం జరిగింది, మళ్లీ అయితే ఏం చేయాలి.

నిన్నటిది: "తేజ టిక్కీలు (తేజ రకం మిర్చి బస్తాలు) పైపైన చూశా. అడుగున తేమ. ఇకపై చెయ్యి లోపలిదాకా పెట్టి కాయ తీయాలి." ఎండిన కాయ గలగలమంటుంది, తేమ కాయ మెత్తగా వంగుతుంది. తెలియక కాదు, టీ చల్లారిపోతోందని తొందర!

ఇంటివీ రాస్తా. "బేరం మధ్యలో అమ్మ ఫోన్ ఎత్తి విసుక్కున్నా. ఆగి నేనే చేయాలి."

ఆదివారం ఒకసారి తిరగేస్తా. అదే తప్పు మళ్లీ కనిపిస్తే ఎర్ర గీత. 'తొందర' కింద ఇప్పటికే నాలుగున్నాయి. ఎవరైనా మొదలుపెడితే ఇక్కడ చెప్పండి.