చెరువు చేప ముందు మన ఇంటికి: మత్స్య సహకార సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వానలు బాగా పడి చెరువు నిండింది, మత్తడి (అలుగు) దుంకింది. నీళ్లతో పాటు చేపలూ కిందికి కొట్టుకుపోతాయని అందరికీ టెన్షన్ పట్టుకుంది. మన కుర్రాళ్లు రాత్రికి రాత్రే కర్రలు పాతి మత్తడికి అడ్డంగా జాలి కట్టారు. చెత్త అడ్డం పడితే జాలి తెగుతుందని, ఉధృతి తగ్గేదాకా వంతులవారీగా కాపలా ఉండి తీశారు. వాళ్లకు సంఘం రుణపడి ఉంది.

2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకంలో, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది నిబంధన. అంతకన్నా చిన్నవైతే కొర్రమీను, వాలుగ మింగేస్తాయి. అందుకే ఈసారి కట్ట మీదే కొలిచి, లెక్కపెట్టి దించుకున్నాం. బొచ్చె పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మృగాల చేప అడుగున మేస్తాయి కాబట్టి మూడూ కలిపి వదిలాం.

ఇక ముఖ్యమైన సంగతి. వల లాగిన రోజు మంచి చేపంతా ఐసు పెట్టెల్లో పట్నం పోతుంది. పట్టినవాళ్ల ఇంట్లో ఆ పూట పచ్చడి మెతుకులే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చేపలో మాంసకృత్తులే కాదు, చేపతో కలిపి తింటే అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. ఇంత పెద్ద చెరువు పెట్టుకుని మన పిల్లలు పాలిపోయి ఉండటం న్యాయం కాదు. అందుకే వ్యాపారి కాంటా పెట్టకముందే ఊరి వాటా తీసి పక్కన పెట్టాలని, గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఉన్న ఇళ్లకు ముందు, తక్కువ ధరకు ఇవ్వాలని తీర్మానించి అమలు చేశాం. రాబడి తగ్గుతుందని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. వలలకు తెచ్చిన అప్పుల కిస్తీలు కట్టుకునేవాళ్ల బాధ నిజమే. అయినా ఈ పద్ధతి కొనసాగాలనే కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

పరకల్లాంటి చిన్న చేపల్ని ఇకపై పనికిరానివని పారేయొద్దు. బంగ్లాదేశ్‌లో 'మోలా' అనే చిన్న చేపపై పరిశోధించిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ చేపలో విటమిన్ ఎ ఎక్కువగా కళ్లలో, పొట్ట భాగంలో ఉంటుంది. తల కోసేస్తే చాలావరకు పోయినట్టే. పెద్ద చేపల దిగుబడి తగ్గకుండానే అదే కుంటలో దాన్ని పెంచవచ్చని కూడా అక్కడ తేలింది. చిన్న చేపను ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం అందుతుంది.

అంగన్‌వాడీలో మన మహిళా సభ్యులు వండి చూపించారు. పరకల్ని ఉప్పు వేసి గరుకు రాయి మీద రుద్దితే పొలుసు ఊడిపోతుంది. తల తీయకుండా పసుపు పట్టించి, చింతపండు పులుసులో మెంతిపొడి వేసి చిన్న మంట మీద ముల్లు మెత్తబడేదాకా ఉడికించారు. ముల్లు గొంతులో గుచ్చుకుంటుందని తల్లులు భయపడ్డారు. వాళ్ల కోసం ఎండు చేపల్ని శుభ్రం చేసి, దోరగా వేయించి, మెత్తగా దంచి జల్లించారు. ఆ పొడిని చెంచాడు పప్పన్నంలో కలిపి పెడితే పిల్లలు మారాం చేయకుండా తిన్నారు.

పొలాల్లోని నీటి కుంటల్లో చేపలు వేసినవాళ్లకు ఫలితం అంతంతమాత్రమే. ఎండలు ముదిరేసరికి నీళ్లు తగ్గాయి. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక ఒక కుంటలో చేపలు తేలిపోయాయి. మబ్బు రోజుల్లో కుంటలో పేడ, మేత వేయడం ఆపేయండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే మోటారుతో కొత్త నీళ్లు పెట్టండి.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ పత్రంతో పాటు సంఘం కార్యాలయంలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. మృగశిర కార్తె రోజున ధర ఎంత పెరిగినా ఊరి వాటాకు పాత ధరే ఉంచాలన్న ప్రతిపాదన మహాసభలో చర్చకు వస్తుంది. ఇంటికొకరు, వీలైతే ఆడవాళ్లు, తప్పక రావాలి.

— కార్యదర్శి